రెండో వైపు మూడో పాట

సైదులు బావా, బాగున్నవా... ఉండక ఏం జేస్తవ్ తియ్. నువ్వు పోయి పదకొండు నెలలైంది.

ముందుగాల కోదాడ ప్రజలకు అతి ముఖ్యమైన వార్త. మన బ్యాండ్ల డ్రమ్ములు కొట్టే వీరస్వామి మీసం తీసేసిండు. ఊరు ఊరంతా సంతాపం జేసింది. బస్టాండ్ల చాయ్ హోటళ్లు మధ్యాహ్నం దాక బంద్.

ఇంకోటి. మన మొదటి క్యాసెట్ కోసం మిర్యాలగూడల జనం లైన్ కడ్తున్నరు. అన్నీ సొంత పాటలే, సినిమా పాటొక్కటి లేదని పెద్ద కంపెనీలు మొహం గూడ జూడని క్యాసెట్! సూర్యాపేట క్యాసెట్ల దుకాణం సేటే గదా, సొంత లేబుల్ కొట్టించి బయటికి దెచ్చింది. దుకాణం ఎనక అర్రల గోడలకు బొంతలు గట్టి, ఫ్యాన్ బంద్ బెట్టి రికార్డు జేస్తుంటే... చెమటకు గిటారు మీద ఏళ్లు జారేటియి. యాదికున్నదా? మొదటి పాటల సిమెంటు లారీ హారన్ ఇప్పటికీ ఇనొస్తది. నువ్వేమో "ఉండనీ బావా, మన రోడ్డే గదా" అన్నవ్.

ఇగ అసలు ముచ్చట. జర పరేషాన్ల ఉన్న.

నీ పద్మ రోజూ పొద్దున బియ్యం ఏరుకుంట రెండో వైపు మూడో పాటే ఏస్తది. అయిపోంగనే ఎనక్కి తిప్పి మళ్ల ఏస్తది. తక్కిన పాటలు ఊరి కోసం పాడినవట, గదొక్కటి తన కోసమేనట. చెల్లె గట్లంటుంటే నేను యాడ సూడాలె?

అది పాడింది నేను. జ్వరానికి నీ గొంతు పోతే, నీ లెక్క నేను పాడిన. నువ్వే అన్నవ్, "నువ్వే పాడు బావా, ఎవ్వలకు తెల్వది" అని.

వచ్చే నెల నీ సంవత్సరీకం. పద్మ అందరి ముందట ఆ పాట నన్ను పాడుమంటున్నది, ఇంకెవ్వలకు రాదని. పాడితే దొరికిపోత. పాడకుంటే ఎందుకని అడుగుతది. ఊళ్లె అందరి లెక్క గొంతు మార్చి ఏడిపిచ్చేటోన్ని, గొంతు దొరుకుతదని ఆ ఇంట్ల దగ్గుడు సుత బంద్ జేసిన బావా. చెప్తే మళ్ల ఆ పాట ఏసుకుంటదా? ఏసుకోకుంటే... పొద్దున ఆమెకు ఏం మిగుల్తది?

నీకు గూడ అబద్ధాలే రాసిన. వీరస్వామి మీసం అట్లనే ఉన్నది. మిర్యాలగూడల లైనూ లేదు, గీనూ లేదు. క్యాసెట్లు సేటు దుకాణంల దుమ్ము వట్టినయ్. లారీ హారన్ మాత్రం నిజం.

"నువ్వే పాడు" అని నువ్వన్నది సుత నేను పుట్టిచ్చిందే. నువ్వు జ్వరంతోటే పాడినవ్. వగర్చుకుంట, ఆఖరు దాక పాడినవ్. నువ్వు ఇంటికి పోయినంక అది తుడిచేసి మేం మళ్ల వాయించినం, నీ లెక్క నేను పాడిన. క్యాసెట్ వచ్చినంక ఇని, "జ్వరంల గూడ మంచిగనే పాడిన గదా" అని మురిసినవ్. నేను నవ్విన. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకున్న... చెప్పలే.

సంవత్సరీకం నాడు జనం రాకముందే పద్మకు చెప్త. మస్తు భయమైతున్నది. ముందుగాల నీకు చెప్పాలె గదా అని రాస్తున్న.

నీ లింగయ్య