లేని బాక్స్ కోసం

మేనల్లుడికి,

పెళ్లయిన కొత్తలో మీ అమ్మ పాటలు రికార్డు చేయిస్తానని మీ నాన్న మాటిచ్చాడు. ఆ మాట ఏమైందో నీకు తెలుసు.

సోమవారం మీ అమ్మకు గొంతు ఆపరేషన్. తర్వాత పాడగలదో లేదో చెప్పలేమన్నాడు డాక్టరు. అందుకే నువ్వు వదిలి వెళ్లిన కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ‘ఆడియో డ్రైవర్లు’ అన్నచోట చాలాసేపు ఆగిపోతుంది. మీ అమ్మ గొంతు సవరించుకుని, “అన్నయ్యా, నీ పెళ్లికూతురి ముస్తాబు ఇంకా కాలేదా?” అంటుంది. అది తెరుచుకునేసరికి దగ్గు మొదలై, వెళ్లి పడుకుంటుంది. రోజూ ఇదే తంతు.

రిపేరు చేసేవాడికి ఫోన్ చేశాను. “ఇదివరకు సౌండ్ బాక్స్ ఏదో తగిలించారు కదా పెద్దాయనా? బాక్స్ పోయినా దాన్ని నడిపే ప్రోగ్రాం, అదే డ్రైవర్, కంప్యూటర్‌లో ఉండిపోయింది. తెరిచినప్పుడల్లా ఆ బాక్స్‌నే వెతుక్కుంటోంది. డ్రైవర్ తీసేయండి, చాలు,” అన్నాడు. మీ అమ్మ కోసమని కొని, ఒక్క పాటైనా ఎక్కించకుండా మీ నాన్న ఎవరో స్నేహితుడికి ఇచ్చేసిన బాక్స్ అది.

డ్రైవర్ తీయాలంటే నువ్వు పెట్టిన పాస్‌వర్డ్ అడుగుతోంది. మీ నాన్నను నలుగురిలో తిట్టానని నా ఫోన్ ఎత్తడం మానేశావు. కనుక ఈ ఉత్తరం మీ ఆఫీసు కాపలాదారుకు ఇస్తున్నాను. పాస్‌వర్డ్ దీని వెనకే రాసి ఇవ్వు. నేను గేటు దగ్గరే నిలబడి ఉంటాను.

పోయినవాణ్ణి ఇంకా ఎందుకు తిడతావంటావు. ఇన్ని పుస్తకాలు చదివాను, మనిషి పోతే ఇచ్చిన మాట తీరిపోతుందని ఎక్కడా కనబడలేదు. లేని బాక్స్‌ను వెతుకుతున్నందుకు ఆ యంత్రాన్ని తప్పుపట్టను. ఫోన్ ఎత్తనందుకు నిన్నూ తప్పుపట్టను.

తప్పు మీ నాన్నది.

మీ మామయ్య