పగిలిన మద్ది తలుపు

హనుమకొండ, జూన్ 1978, ఆదివారం

కాలేజీ సభామందిరం తలుపు పగలడానికి వడ్రంగి రాజయ్య పనితనమే కారణమన్నది రేపు కాలేజీ కమిటీ ముందు అతని తరఫున నేను ఖండించవలసిన ఆరోపణ. అది నిలిస్తే అతనికి అక్కడ ఇక పని దొరకదు.

ఆ మద్దిమొద్దును నడివేసవిలో కోయించింది మా టింబర్ డిపోలోనే. మందపు పలకలను గాలి ఆడేలా మధ్యన పట్టీలు పెట్టి పేర్చకుండా, ఎండలో గోడకు ఆనించారు. లోపలి పచ్చి ఆరకముందే పైభాగం ఎండి బిగుసుకుపోయింది; తలుపయ్యాక పలక పగిలింది అందుకే.

"చలికాలం కోసి, కొసలకు పేడ పూసి నీడల పెట్టుమన్న బిడ్డా. మీ బాపు ఇనలే," అన్నాడు రాజయ్య.

బాపును నిలదీశాను. "కాలేజోల్లు తొందరపెట్టిండ్రు. నువ్వు గెలిచెతందుకు నన్ను ముంచుతవా?" అన్నారు.

అయినా రేపు కమిటీని అడుగుతాను: తొందరపెట్టిన మీరు, ఎండబెట్టిన మేము తప్పు ఒప్పుకుందాం. డిపో కొత్త కలప ఇవ్వాలి, మీరు చలికాలం దాకా ఆగాలి, తలుపు రాజయ్యే చేయాలి.