ముందే చూసిన ఫలితం

మంగళవారం

ఎవరూ కొలవకుండానే క్వాంటం తరంగం దానంతటదే కూలిపోతుందన్న సిద్ధాంతం నిజమైతే, మా ల్యాబ్‌లో అతిచల్లగా ఉంచిన సన్నని సూది కాస్త ఎక్కువ వణకాలి. ఏ కొలతలు పనికిరావో ముందే తేల్చుకుని, తర్వాతే ఫలితం చూడాలన్నది నియమం. నేను శుక్రవారమే చూసేశాను. ఆ అదనపు వణుకు ఉంది. భవనం లిఫ్టు కదిలినా సూది అదురుతుందని, ఇవాళ లిఫ్టు తిరిగిన గంటల కొలతల్ని తీసేశాను. అదనపు వణుకు పోయింది; అది లేదని రాసి పేపరు ముగించెయ్యొచ్చు.

సాయంత్రం నాయనను ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు తీసుకెళ్లాను. విరిగిన మణికట్టుకు అక్కడ వేసిన కట్టును ఆయన వారానికే విప్పేశాడు.

"సూడకుండా ఉండలేకపోతివా అప్పా? ఎముక పక్కకు పొయ్యిండాది," అన్నాడు కట్టు కట్టే పెద్దాయన.

"అతుక్కునిందా లేదా అని..." నాయన తల వంచుకున్నాడు.

కోప్పడబోయి ఆగిపోయాను. తప్పు నిజంగా లిఫ్టుదేనా, పేపరు ముగించాలన్న నా తొందరదా? ఫలితం ముందే చూసేశానని నా పరిశోధన గైడుగారికి చెప్పాలి. నాయన తొందర ఆయన చేతిమీద కనబడుతోంది. నాది, నేను చెప్తే తప్ప, ఎవరికీ కనబడదు.