పాప కాలి వేలు

అక్కా, మేమిద్దరం బాగానే ఉన్నాం. కంగారు పడకుండా పూర్తిగా చదువు.

నిన్న నా బ్యాలే క్లాసులో మునివేళ్ల మీద తిరుగుతూ నీ కూతురు పెదవి కొరుక్కుంది. "షూ విప్పు" అన్నాను. "ఏం లేదు పిన్నీ, ప్రదర్శన అయ్యాక విప్పుతా" అంది. పిల్లలందరూ చూస్తుండగా కింద కూర్చుని నేనే రిబ్బను విప్పాను. మేజోడు రక్తంతో వేలికి అంటుకుపోయింది. వేలి ఎముక చిట్లిందనీ, ఇంకా ఆడితే పాదమే పాడయ్యేదనీ డాక్టరు అన్నాడు. దాని పాత్ర వేరే అమ్మాయికి ఇచ్చేశాను. "నువ్వు నాకు పిన్నివా, టీచరువా?" అని అడిగి, గదిలోకెళ్లి తలుపేసుకుంది. అన్నం కూడా ముట్టలేదు. నన్ను నమ్మి పంపావు, నా కళ్లెదుటే ఇలా అయింది. నీకేం చెప్పాలో తోచక రెండు కాగితాలు రాసి చింపేశాను.

బావగారికి నువ్వే మెల్లగా చెప్పు. ఫోనులో దాని మీద కేకలెయ్యొద్దను. దాని పాత దుప్పటి పంపు. అమ్మ దగ్గు తగ్గిందా?

ఇదిగో, ఇప్పుడే వచ్చింది. మొహం అటు తిప్పుకునే, కట్టు మార్చమని కాలు నా ఒళ్లో పెట్టింది. ఉంటాను. అమ్మకి నమస్కారాలు, చిన్నాడికి ముద్దులు.

నీ చెల్లి