స్టోరు వైపు రెక్క

బావమరిదికి,

మీ బావ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. క్షేమం అనే మాటని ఎంత లాగితే అంత సాగుతుంది కాబట్టి మీ అక్క మోకాళ్లూ, నా కళ్లూ, నా కోపమూ అన్నీ అందులో పట్టేస్తాయి. నువ్వూ, మా చెల్లెలూ అక్కడ కులాసాగా ఉన్నారనుకుంటాను.

ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత నీ దగ్గర్నుంచి నా పేర ఉత్తరం వచ్చింది. నాలుగు ప్రశ్నలు, కింద సంతకం. మీ అక్కకి రాసేటప్పుడు కాగితానికి రెండు వైపులా నింపుతావు, నాకు నాలుగు వాక్యాలు. సరే. కళ్లెలా ఉన్నాయి, అక్క మోకాళ్లెలా ఉన్నాయి, కాగితంతో చేస్తున్న విమానానికి చక్రాలు దింపి పెడతావా మడిచి పెడతావా, దాని కింద అట్టమీద నా గురించి ఏం రాశారు అని అడిగావు. నాలుగోది అడగడానికే మొదటి మూడూ అడిగావని నాకు తెలుసు. అయినా వరస తప్పను.

కుడి కంటికి ఆపరేషన్ అయింది. ఎడమదాన్లో శుక్లం ఇంకా ముదరాలట. దగ్గరి పని మానేసి హాయిగా పుస్తకాలు చదువుకోమన్నాడు డాక్టరు. పుస్తకం చదవడం దూరపు పని అని ఆయనకి ఎవరు చెప్పారో. మీ అక్క మోకాళ్లు మెట్లెక్కేటప్పుడు మాత్రం నొప్పి పెడతాయి, నన్ను దెప్పడానికి హాలు చివరి నుంచి రావాల్సి వస్తే పెట్టవు.

ఇక విమానం. మన పాత కార్మికుల సంఘం కార్యదర్శి నీకు గుర్తుండే ఉంటాడు, టూల్ రూములో రసీదులు రాసేవాడు. మైకు చేతికి దొరికితే వదలడు కనక ఇప్పుడు అందరూ అతన్ని మైకు అనే అంటున్నారు. మన షెడ్డులో ఒక గది సంపాదించి, మనం పనిచేసిన సైనిక విమానాల నమూనాలు పెడతానని బయల్దేరాడు. మన రెండింజన్ల రవాణా విమానం ఒక్కటీ మిగల్లేదు, అన్నిటినీ తుక్కు కింద కోసేశారు. ఎవరో కాగితం మీద దాని ముక్కలన్నీ గీసి అచ్చు వేశారట. ఆ షీట్లు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"మీ చేతులు తప్ప దీనికి వేరే చేతులు లేవు గురువుగారూ."

సర్వీసులో ఉన్నన్నాళ్లూ నన్ను గురువుగారూ అనని మనిషి. పొగడ్తకి లొంగే రకాన్ని కాదనుకునేవాణ్ణి. లొంగాను.

నలభై రెండు షీట్లు, ఎనిమిది వందల పైచిలుకు ముక్కలు. గీసిన మహానుభావుడు ఈ విమానాన్ని ఫోటోలో తప్ప చూసి ఉండడు. మనం రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగిన తలుపుని తీసుకెళ్లి కుడి వైపు పెట్టాడు. ఎడమా కుడీ తెలియనివాడు విమానం గీస్తే ఇలాగే ఉంటుందని మీ అక్కతో అన్నాను. ఆవిడ నా వంక ఒకసారి చూసి కూరగాయలు తరుక్కుంటూ కూర్చుంది. ఆ చూపు అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఈ పని ఎంత విసిగించిందో చెబితే నీకు సంతోషంగా ఉంటుంది కాబట్టి చెబుతాను. ముక్కు భాగం పన్నెండు రేకుల పువ్వులా ఉంటుంది. వాటిని గుండ్రంగా వంచి అంటించాలి. మొదటిసారి ముసురు పట్టి కాగితం ఉబ్బింది, ముక్కు జలుబు చేసినట్టు తయారైంది. రెండోసారి జిగురు ఎక్కువై నల్లబడింది. మూడోసారి కుదిరింది, మర్నాటికి మధ్యలో చీలింది. నాలుగోది ఇప్పుడు ఉన్నది, పక్కనుంచి చూడకపోతే బాగుంటుంది. చక్రాల కాళ్లకి బియ్యపు గింజంత ముక్కలు నలభై ఉన్నాయి. పట్టకారుతో పట్టుకుంటే పట్టకారుకే అంటుకుంటాయి. మీ అక్క తుమ్మితే ఐదు కిటికీలు ఎగిరిపోయాయి, రెండు దొరికాయి.

"చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చుగా" అన్నాను.

"చేతిలో మీ టీ ఉంది. పారబోయమన్నారా?"

పై అంతస్తు బ్యాంకు మేనేజరు చూడ్డానికొచ్చి, "ఇది ఎగురుతుందా మాస్టారూ?" అనడిగాడు. బాల్కనీలోంచి తోస్తే మీరు ఎంత ఎగురుతారో ఇదీ అంతే ఎగురుతుందన్నాను. మళ్లీ రాలేదు.

మరి ఎందుకు వదిలెయ్యలేదంటావేమో. మైకు పొగడ్త ఒక్కటే కారణం కాదు. నా అలమారాలో యుద్ధాల చరిత్రలు నాలుగు వరసలున్నాయి. సేనాధిపతి నిర్ణయించాడు, విమానం బయల్దేరింది అని రాస్తారు. ఏ నట్టు ఎవడు బిగిస్తే బయల్దేరిందో ఒక్క చరిత్రకారుడూ రాయడు. చక్రం కింద వీపు ఆనించి పడుకున్నవాడు ఆ పుస్తకాల్లో లేడు. మనవాళ్లు రాసుకునే చరిత్రలోనైనా నేను ఉండాలనుకున్నాను. తప్పు పట్టడానికి వీల్లేని విమానం చేసి, తప్పు పట్టడానికి వీల్లేని మేస్త్రీ చేతి పని ఇది అని గోడ పక్కన నిలబెట్టాలనుకున్నాను. కింద పెట్టే అట్ట మాటర్ కూడా దిద్దమని నా దగ్గరికే పంపాడు మైకు. ఏం రాశారని అడిగావుగా, ఇదీ అందులోని వాక్యం:

"ఈ విమానాల్లో ఒకటి ఫిట్టరు అజాగ్రత్త వల్ల, దిగేటప్పుడు ఎడమ కాలు మడుచుకుపోయి ధ్వంసమైంది."

ఫిట్టరు అంటే నువ్వు. మైకు అజాగ్రత అని రాశాడు. నేను ఎర్ర పెన్నుతో ఒత్తు పెట్టి తిప్పి పంపాను. అంతకన్నా అందులో దిద్దాల్సింది ఆ రోజు నాకు కనబడలేదు.

కిందటి మంగళవారం దాకా కనబడలేదు.

ఆ వేళ చక్రాలు దింపే పెడదామని కాళ్లు అంటించడం మొదలుపెట్టాను. కుడి కాలూ ఎడమ కాలూ అద్దంలో చూసినట్టు ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి, కత్తిరించాక ఏది ఏదో తెలియదు. అందుకని నెల కిందటే ముక్కల వెనక పెన్సిల్‌తో గుర్తులు రాసుకున్నాను. రోజూ విమానం తోక నా వైపు ఉంచుకుని పని చేసేవాణ్ణి. ఆ వేళ వెలుతురు చాలక బల్లకి ఇటువైపు కూర్చున్నాను, ముక్కు నా వైపు వచ్చింది. గుర్తు చదివాను, ఎప్పటిలా నా ఎడమ చేతి వైపు రెక్కకి అంటించాను. రెండోది రెండో వైపు. జిగురు ఆరాక నిలబెడితే విమానం తాగినవాడిలా పక్కకి ఒరిగింది.

"అటు కాలు ఇటు పెట్టారేమో" అంది మీ అక్క.

"నా గుర్తులు నేను చదవలేనా?"

"ఏం రాసుకున్నారో చూడండి."

భూతద్దం పెట్టి చూశాను. ఎడమ అని లేదు, కుడి అని లేదు. ఒకదాని మీద స్టోరు, ఇంకోదాని మీద క్యాంటీను అని ఉంది. నా అక్షరాలే.

నీకు తెలిసిన సంగతే మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే ఇన్నేళ్లూ నేను నలుగురికీ చెప్పింది వేరు. మన షెడ్డులో విమానాన్ని తోక ముందుగా లోపలికి నెట్టేవాళ్లు, ముక్కు గుమ్మం వైపు ఉండేది. ఎడమ రెక్క స్టోరు పక్కకి, కుడి రెక్క క్యాంటీను పక్కకి వచ్చేవి. ఎదురుగా నిలబడ్డవాడికి ఎడమ కుడి తారుమారవుతాయి కానీ స్టోరు కదలదు కదా అని, స్టోరు రెక్క, క్యాంటీను రెక్క అనడం మన షిఫ్టుకి అలవాటు. రూలు పుస్తకం అలా అనకూడదంటుంది. అలవాటు మొదలుపెట్టినవాణ్ణి నేనే.

ఆ రోజు జడివాన. తడుస్తుందని గబగబా ముక్కు ముందుగా తోసేశారు. విమానం తిరిగింది, స్టోరు తిరగలేదు. ఎడమ కాలి నట్టు ఊడకుండా దూర్చి వంచే పిన్నుని పొద్దుటి షిఫ్టువాళ్లు తీసి, మళ్లీ వెయ్యలేదు. ఆ సంగతి రాసిన కాగితం నా చేతికొచ్చింది. నిన్ను పిలిచి పిన్ను వెయ్యమన్నాను. నువ్వు స్టోరు వైపున్న కాలి దగ్గరికెళ్లావు, అది ఆ రోజు కుడి కాలు. అక్కడున్న పాత పిన్ను తీసి కొత్తది వేసి, "అయింది బావా" అన్నావు. మేస్త్రీ కింద దూరి టార్చి వేసి చూసి సంతకం పెట్టాలి. నేల తడిగా ఉంది, ఉతికిన ప్యాంటు వేసుకున్నాను. చూడకుండానే పెట్టాను. మూడు రోజులకి దిగేటప్పుడు ఎడమ కాలు మడుచుకుపోయింది. మనుషులు బతికారు, విమానం చచ్చింది, నీ ఉద్యోగం పోయింది.

విచారణలో ఏ కాలు అని చెప్పావు అని అధికారి నన్ను అడిగాడు. నిజంగా ఏమన్నానో నాకు గుర్తులేదు. గుర్తులేదు అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? ఎడమ కాలు అన్నాను. అన్న తర్వాత అదే గుర్తుగా మారిపోయింది, ముప్పై ఒక్క ఏళ్లు దాన్నే నమ్ముకుని నీ మీద కోపంగా బతికాను. స్టోరు వైపన్నాడండీ అని నువ్వు అంటే, ఈ పుస్తకంలో స్టోరు అనే రెక్క ఏ పేజీలో ఉందో చూపించు అన్నాడు ఆయన. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. మిగతావన్నీ నువ్వు మరిచిపోయినా ఆ నవ్వు మరిచిపోయి ఉండవు.

అసలు నీ మీదా నాకు కోపం ఉంది. ఏ రెక్క బావా అని ఒక్కమాట తిరిగి అడగలేకపోయావా? కానీ అడిగి ఉంటే, ఇన్నేళ్లు పనిచేసి స్టోరు ఎక్కడుందో తెలీదా అని పదిమందిలో అరిచేవాణ్ణి. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు.

విమానాన్ని అలాగే ఎత్తుకెళ్లి, కాలి మీది ఆ గుర్తు మీ అక్కకి చూపించాను. ఆవిడ కళ్లజోడు కూడా పెట్టుకోలేదు.

"ఉప్పు డబ్బా ఏ అరలో ఉందని అడిగితే మీరు ఇప్పటికీ ఏమంటారో తెలుసా?"

"ఏమంటాను?"

"స్టోరు వైపు అంటారు. మొన్న కూడా అన్నారు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెబితే ఆ మాట అనడం మానేసేవారు. తప్పు ఒప్పుకునేవారు కాదు."

వెంటనే మైకుకి ఫోన్ చేశాను. ఆ వాక్యం తప్పు, ఫిట్టరు చెప్పిన చోటే చెప్పిన పని చేశాడు, చెప్పింది తప్పు, చూడకుండా సంతకం పెట్టింది ఇంకా తప్పు అన్నాను.

"అట్ట అచ్చయిపోయింది గురువుగారూ. పైన ప్లాస్టిక్ కూడా వేయించాం."

"ఊడదియ్యి."

"పాతవన్నీ ఇప్పుడు తవ్వడం దేనికి? ఆ మనిషే అన్నీ వదిలేసి ఎక్కడో కుట్టు మిషన్లు బాగుచేసుకుంటున్నాడు."

"వదిలేసినవాడు నాకు ఉత్తరం రాయడు."

"కమిటీలో పెట్టాలండీ."

"పెట్టుకో. అట్ట మారేదాకా విమానం నా బల్ల మీదే ఉంటుంది."

ఆ తర్వాత అతను ఫోన్ చెయ్యలేదు. వచ్చే నెల మొదటి ఆదివారం గది తెరుస్తారు. మారుస్తారో, ఖాళీ బల్ల దగ్గర పాత అట్టే పెడతారో నాకు తెలీదు. మైకు సంగతి తెలుసు కాబట్టి పెద్ద ఆశ పెట్టుకోలేదు. అందుకే కొత్త వాక్యాన్ని నా చేత్తోనే రెండు అట్టల మీద రాశాను. కింద నా సంతకం, పాత టోకెన్ నంబరు ఉన్నాయి. ఒకటి కమిటీకి పంపాను. రెండోది ఇందులో పెడుతున్నాను, నువ్వు ఎవరికి చూపించుకుంటావో నీ ఇష్టం. ఈసారి చూసే సంతకం పెట్టాను.

కాళ్లు ఊడదీసి సరిగ్గా అంటించమని మీ అక్క పోరుతోంది. ఊడదీస్తే రెక్క చర్మం లేచొస్తుంది, పైగా నాకు ఊడదియ్యబుద్ధి కావడం లేదు. అది అలాగే ఒరిగి ఉంటుంది. నీ మూడో ప్రశ్నకి జవాబు అదే: చక్రాలు దింపే పెట్టాను, అటుది ఇటు, ఇటుది అటు.

క్షమించు అని రాద్దామని రెండు కాగితాలు పాడుచేశాను. ఇన్ని పుస్తకాలు చదివినా ఆ మాట నా చేతికి అలవాటు కాలేదు. ఈ ఉత్తరం తనే స్వయంగా పోస్టు డబ్బాలో వేస్తానంటోంది మీ అక్క. నేను వేస్తానన్నా కవరు చేతికివ్వడం లేదు. మోకాళ్లు నొప్పి కదా అంటే, డబ్బా ఎక్కడో పైన లేదుగా, వీధి చివర స్టోరు వైపే ఉందిగా అంటోంది.

ఇట్లు,
ఆ రోజు స్టోరు వైపు అన్నవాడు,
నీ బావ