వీగిపోయిన సవరణ

హైదరాబాదు,
ఎమ్మెల్యే క్వార్టర్సు.

వడమాలపేటలో ఉండే అక్క వరదమ్మకు, తమ్ముడు మొక్కి రాసేది.

ఈడ బాగానే ఉండాను గానీ మనసు కుదురుగా లేదు. తండ్రి ఆస్తిలో ఆడబిడ్డలకూ వాటా ఇచ్చే బిల్లు ఈరోజు సభలో ఓటుకు వచ్చింది. నాయన పోయినాక మన పొలం ఇంకా పంచుకోలేదు కదా, మొన్న తిరుపతి బస్టాండులో "ఏరా, నాకూ వస్తుందా?" అని నువ్వడిగితే వస్తుందన్నాను. ఇప్పటికే పెళ్ళయినవాళ్ళకు వర్తించదని అందులో ఉండాదని అప్పుడు నాకు తెలియదు.

ఆ మాట తీసేయాలని సవరణ పెట్టినాను. స్పీకరు అడిగితే "కాదు" అని సభంతా మోగింది. ఓట్లు లెక్కపెట్టాల్సిందేనని పట్టుబట్టినాను. గంట కొట్టి, తలుపులు మూసి, ఒప్పుకునేవాళ్ళను లేచి నిలబడమన్నారు. మా వరసలో నేనొక్కడినే లేచినాను. సవరణ వీగిపోయింది.

తర్వాత బిల్లు మొత్తాన్ని ఓటుకు పెట్టినారు. నిన్ను వదిలేసిన చట్టానికి అవునని ఎట్లా అనేది? నీ కూతురు నాగరత్న గుర్తొచ్చింది. దానికింకా పెళ్ళి కాలేదు, బావ పొలంలో దానికి వస్తుంది. అవునన్నాను. బిల్లు గెలిచింది.

సాయంత్రం చిత్తూరు నుంచి అన్న ఫోను చేసినాడు. "పెళ్ళయినోళ్ళకి లేదంట కదప్పా, మంచి పని చేసినారు" అని నవ్వినాడు. నాకు ఒళ్ళు మండింది. "చట్టం ఇయ్యకపోతే నేనిస్తా. నాకొచ్చేదాంట్లో సగం అక్కది" అన్నాను. టక్కున ఫోను పెట్టేసినాడు.

అప్పట్నుంచి గదిలో అటూ ఇటూ తిరగతానే ఉండాను. రేపో మాపో అన్న నీ కాడికి వస్తాడు. అన్నదమ్ములు నీవల్ల విడిపోతారని అంటాడు. "నాకొద్దులే" అని మాత్రం అనొద్దక్కా.

నీ తమ్ముడు