మూతకీ గొట్టానికీ మధ్య

బారన్ కౌంటీ, విస్కాన్సిన్
20 సెప్టెంబర్ 1986, శనివారం

ప్రియమైన లవాన్‌కు,

ప్రేమతో ఎమరీ రాస్తున్నాను. నేనూ, కుక్కా, తొలి మంచుకు మాడకుండా మిగిలిన నీ టమాటా మొక్కలూ క్షేమం. అలాస్కా చలిలో నువ్వూ, మన అమ్మాయి జానీస్, దాని పసిపాపా ఒంట్లో బాగున్నారని తలుస్తాను. మీ అన్నయ్య హార్లన్ కూడా బాగున్నాడు. కుడి అరచేతికి కట్టు ఉంది. ఆ సంగతి కిందికి వచ్చాక రాస్తాను. కంగారుపడి చివరికి పోకు, వరసలోనే చదువు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. తింటున్నాను, ఎక్కువగా గుడ్లూ సాసేజీలూ. పైకప్పు కారే చోట రేకు వేయించాను. చేతుల దురద తగ్గలేదు. ఫైబర్‌గ్లాస్ పొడి చొక్కాలోకి దూరితే మూడు స్నానాలకు గానీ వదలదు. నేను కడుతున్న విమానం ఇంజన్ మూత ఎంతవరకు వచ్చిందని అడిగావు. అసలు సంగతి అదే.

రెక్కలు రెండూ కలిసి ఏడిపించనంతగా ఆ మూత ఒక్కటే ఏడిపించింది నన్ను. పై సగం, కింది సగం పెట్టెలోంచి తీసినప్పుడు వేరువేరు విమానాలవేమో అనిపించాయి. నెల రోజులు కోశాను, అరగదీశాను, బిగించాను, విప్పాను. ప్రొపెల్లర్ ముందుండే టోపీకీ మూత అంచుకీ మధ్య సందు చుట్టూ ఒకేలా రావడం కోసం చివరికి కింది సగాన్ని కాస్త పైకి లాగి మడతబందులు వేశాను. అప్పుడు కుదిరింది. విమానాలుంచే హ్యాంగర్లో వాళ్ళంతా వచ్చి వేళ్ళతో నిమిరి చూశారు. "కోడిగుడ్డులా ఉందయ్యా" అన్నాడొకాయన. నాకు ఆ పూట అన్నం అక్కర్లేకపోయింది.

మొదటిసారి నేను ఎగరనని నీకు మాటిచ్చాను. ముప్ఫై ఏళ్ళుగా ఎగురుతున్న మా అన్నయ్యని ఎక్కమను అని నువ్వే రాశావు. అలాగే చేశాను. పోయిన శనివారం పొద్దున ఆకు కదలడం లేదు. హార్లన్ విమానం చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎక్కి, నడుము పట్టీ బిగించుకున్నాడు.

"నాకు చెప్పాల్సింది ఇంకేమన్నా ఉందా బావా?"

"ఏముంటుంది? కూర్చుని తోలడమే నీ పని."

"పొగ గొట్టం చుట్టూ అంగుళం ఖాళీ ఉంది కదా?"

"ఉంది," అన్నాను.

చక్కగా లేచింది లవాన్. వెయ్యి అడుగుల ఎత్తున విమానాలు దిగే గడ్డి మైదానం మీద తిరుగుతుంటే నేను చేతి రేడియో పట్టుకుని గడ్డి అంచున నిలబడ్డాను. మూడో చుట్టులో హార్లన్ గొంతు వినిపించింది.

"బావా, ఏదో కాలుతున్న వాసన." అంతలోనే, "పొగ. కాళ్ళ దగ్గర. వైర్లేమో, కరెంటు మొత్తం కట్టేస్తున్నా."

కరెంటు కట్టేస్తే రేడియో పోతుంది. ఇక నా మాట అతనికి చేరదు.

"కట్టెయ్యకు. ఇంజన్ ఆపు. కాలేది మూత, గొట్టం దగ్గర. ఆపి కిందికి దించెయ్."

రేడియోలో మాట లేదు. తరవాత ఇంజన్ చప్పుడు ఆగిపోయింది. మొక్కజొన్న చేను మీదుగా విమానం అలా నిశ్శబ్దంగా జారుతూ వస్తుంటే, చక్రాలు కంకులకు తగులుతాయని నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి గడ్డి మొదట్లో దుంకి ఆగి ఉంది. హార్లన్ కిందికి దూకి, నేను చేరేలోపే బందుల్లో దూర్చిన తీగలు లాగేసి, ఒట్టి చేత్తో కింది మూతను పీకి పారేశాడు. మంట ఆర్పే డబ్బా మొత్తం నేను దాని మీదే ఖాళీ చేశాను. మూత అడుగున పళ్ళెమంత నల్లటి చిల్లు.

చేతికి కట్టు కట్టించుకుని వస్తుంటే ట్రక్కులో అడిగాడు.

"పొగ అనగానే మూత అని నీకెట్లా తెలిసింది బావా?"

"వాసన అన్నావుగా."

"వాసన నాకొచ్చింది. నీక్కాదు."

ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

ఎట్లా తెలిసిందో నీకు రాస్తున్నాను. ఎగరడానికి వారం ముందు గొట్టం మీద మెత్తటి మైనం ముద్ద పెట్టి, మూత బిగించి విప్పి చూశాను. అంగుళం ఉండాల్సిన చోట ముద్ద అర అంగుళం కూడా మిగలకుండా నలిగిపోయింది. అక్కడ కోసి, బయటికి ఉబ్బేలా కొత్త ఫైబర్‌గ్లాస్ పొరలు వేయాలని తెలుసు. ఆ నున్నటి ముక్కు కింద బుడిపె పెట్టడానికి మనసొప్పలేదు. పది నిమిషాలకు ఏం కాదులే అనుకున్నాను. నీకిచ్చిన మాట నిలబెట్టుకుంటూ మీ అన్నయ్యని ఎక్కించాను.

మంగళవారం వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. ఎడమ చేత్తో కట్టెలు పేరుస్తున్నాడు. చివరిదాకా విన్నాడు.

"చెప్పుంటే వారం ఆగేవాళ్ళం. అంతేగా?"

"అంతే."

"నీ సోకు కోసం నన్ను కాల్చబోయావు. లవాన్‌కి రాశావా?"

"లేదు."

"పోయి రాయి. రాసేదాకా నాతో మాట్లాడకు."

కాగితం ముందు రెండు రోజులు ఊరికే కూర్చున్నాను. గురువారం మూత కోస్తుంటే హార్లన్ హ్యాంగర్‌కు వచ్చి, పలకరించకుండానే లైటు పట్టుకున్నాడు. బుడిపె వేశాం, కప్ప గొంతులా ఉంది. నిన్న మూత బిగించాక నన్నేమీ అడగలేదు. జేబులోంచి తన స్కేలు తీసి, వంగి, నాలుగు చోట్ల తనే కొలుచుకున్నాడు. నన్ను తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

మళ్ళీ ఎవరు ఎగరాలో, అసలు ఎగరాలో వద్దో నువ్వే చెప్పాలట, మీ అన్నయ్య మాట. నువ్వేం రాసినా చదువుతాను, ఎంత కఠినంగా రాసినా సరే. పాపకు నా ముద్దులు.

ఇంకా రాసేవాణ్ణే గానీ, బయట ట్రక్కులో మీ అన్నయ్య కూర్చుని ఉన్నాడు. ఉత్తరం డబ్బాలో పడటం తన కళ్ళతో చూస్తాడట. హారన్ రెండోసారి కొట్టాడు.

ఇట్లు,
నీ మాట విని కూడా తప్పు చేసిన నీ భర్త,
ఎమరీ